విద్యార్థియు వాని యూరి చెఱువును

కళాశాలలలో సెలవు లారంభమగు దినములలో మన పట్టణములందు నేడొక క్రొత్త సందడి కానవచ్చుచున్నది. రాష్ట్రోన్నతవిద్యామండలివారి నియమము ననుసరించి డిగ్రీ చదువు విద్యార్థులు 180 గంటలకాలము ఒక గ్రామమునందో పేటయందో గడపి, అచ్చటి జనుల స్థితిగతులను విచారించి, నివేదిక వ్రాసి ఉపాధ్యాయునకు సమర్పింపవలెను. దీనికి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని పేరు. ఉద్దేశము మంచిది. పుస్తకమునకును పొలమునకును నడుమ నున్న దూరమును కొన్ని గంటలసేపైనను తగ్గింపవలె నను సంకల్పమును ఎవరు కాదందురు? కాని ఆచరణలో జరుగుచున్న దేమి? నిరుటి విద్యార్థి వ్రాసిన నివేదికలో ఊరిపేరు మార్చి యీయేటి విద్యార్థి సమర్పించుట అంతట వినవచ్చుచున్న మాట. తండ్రులు నవ్వి యూరకుందురు. ఉపాధ్యాయులు మార్కులు వేసి యూరకుందురు.

విద్యార్థులు వ్యాసములకును పరిశోధనలకును ఎన్నుకొను విషయముల సంగతి అంతకంటె చింతింపదగియున్నది. సాహిత్యమన్నచో షేక్స్పియరు విషాదనాటకములు; చరిత్ర యన్నచో ఫ్రెంచివిప్లవము; అర్థశాస్త్ర మన్నచో ద్రవ్యోల్బణము; ఆరోగ్యమన్నచో సమతులాహారము. ఈ విషయములను మేము తేలికపఱచుట లేదు. మేమును వానిని చదివి లాభము పొందినవారమే. కాని ఇవే నాలుగు విషయములు లండనునందును, బొంబాయియందును, పత్తికొండయందును ఒకే మాటలతో వ్రాయబడుచున్నపుడు, పత్తికొండ బాలుడు వ్రాసినదానిలో పత్తికొండ యెక్కడ? వాడు చూచినది, విన్నది, వాని తాత యనుభవించినది ఏ పుటలో నున్నది? మా చదువరులలో పెక్కురు భూవసతి గలవారు. పట్టణములలో స్థిరపడినను పల్లెలో కట్టక్రింద నాలుగెకరములున్నవారు. వారి యెదుట మేమొక మాట నుంచుచున్నాము. కర్నూలు, కడప సీమలలో సాహిత్యము, చరిత్రము, అర్థశాస్త్రము, ఆరోగ్యము అను నాలుగు శాస్త్రములు నాలుగు గదులలో లేవు. నాలుగును ఊరి చెఱువుకట్టమీద కలిసికొనుచున్నవి. ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన పడు ఈ సీమలో నీటిని విడిచి ఏ శాస్త్రమును ముందునకు సాగదు.

మొదట పోరుమామిళ్లకు పోదము. ఆ యూరి భైరవాలయము ముందఱ రెండు పెద్ద రాతిపలకలమీద ఒక సంస్కృతశాసనము చెక్కబడియున్నది. శకవర్షము 1291, అనగా క్రీ. శ. 1369. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, ఉదయగిరినుండి తూర్పుసీమల నేలుచు ఇక్కడ పెద్ద చెఱువు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్లపని. కట్టపొడవు 5,000 రేఖాదండము లని శాసనము చెప్పుచున్నది. రేఖాదండ మనగా ఎన్ని గజములు? ఈ ప్రశ్నయొక్కటియే ఒక గణితవిద్యార్థికి సెలవులన్నియు సరిపోవు పని. కట్ట నేటికిని ఉన్నది. కొలతగొలుసు దొరకని వస్తువు కాదు.

అయితే ఆ శాసనమున రాజప్రశంసకంటె విలువైన భాగము వేఱొకటి కలదు. మంచి చెఱువునకు పండ్రెండంగములును, ఆఱు దోషములును అందు చెప్పబడినవి. చెఱువు కట్టించుటకు పుణ్యమందు కోరికయు ధనమును గల ప్రభువుండవలెను. అంతియే చాలదు. పాథశ్శాస్త్రము, అనగా జలశాస్త్రము, నెఱిగిన విద్వాంసుడు కావలెను. నేల గట్టి బంకమన్నుగా నుండవలెను. దూరమునుండి తియ్యని నీరు తెచ్చు ఏఱు కావలెను. ఆ ఏటిని ఒఱసికొని కొండలును, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు గాని దృఢమైన రాతికట్టయు నుండవలెను. దగ్గఱలో చక్కని నిడుపురాళ్ల గనియు, క్రింద సమమైన సారవంతమైన పొలములును, వీని కన్నిటికిని పైన పని నేర్చిన మనుష్యుల గుంపును ఉండవలెను. ఇక దోషములు: కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల యెల్లలో చెఱువుండుట, నడుమ మిట్ట లేచియుండుట, నీరు కొంచెమై పాఱవలసిన భూమి విస్తారమగుట, నీరు విస్తారమై భూమి కొంచెమగుట.

ఇందు మూడవదోషమును చదువరులు మఱియొకసారి చూడవలెను. రెండు రాజ్యముల సరిహద్దున చెఱువు కట్టరాదని ఆఱున్నర శతాబ్దుల క్రిందట ఒక జలశాస్త్రజ్ఞుడు రాతిమీద వ్రాయించినాడు. కృష్ణా తుంగభద్రల నీటికై రాష్ట్రములు న్యాయాధికరణముల మెట్లెక్కి దిగుచున్న మనకు ఆ మాట పాతదిగా తోచునా? అయిదవ దోషమును మన కాలువల చివరి ఆయకట్టు రైతు నడిగినచో శ్లోకము రాకున్నను అర్థము చక్కగా చెప్పును.

ఈ శాసనమును ఇంజనీరింగు చదువు విద్యార్థి చదువడు, అది సంస్కృతము. సంస్కృతము చదువు విద్యార్థి చదువడు. అది చెఱువుల సంగతి. ఇట్లు ఎవరికిని చెందక అది గుడిముందఱ నిలిచియున్నది. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరదకు కొట్టుకొనిపోయి, రాజంపేటప్రాంతమున ఏటియొడ్డు పల్లెలు మునిగి, పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. తలుపులలో నొకటి పనిచేయలేదను మాట పార్లమెంటుదాక పోయినది. పండ్రెండంగములలో చివరిది పని నేర్చిన మనుష్యులని ముందే చెప్పియున్నాము. చెఱువు కట్టుట ఒక దినపు ఘనకార్యము. దానిని కాపాడుట నిత్యకృత్యము. ఆ నిత్యకృత్యము మన దేశమున ఎట్లు నడచినది, ఎట్లు చెడినది అనునదే ఆర్థికచరిత్ర.

అందుకు ఆధారములు మన సీమలోనే కలవు. మన పెద్దలు దశబంధ మను మాట నెఱుగుదురు. చెఱువు కట్టించినవానికి, లేక కట్ట తెగినపుడు పూడ్పించువానికి, ఆ చెఱువుక్రింది రాబడిలో పదియవవంతు లెక్కన భూమియో, పన్నులో తగ్గింపో ఇచ్చుచుండిరి. కడపసీమలో ఇట్టి దశబంధపు ఇనాములు మెండు. నీరు పంచు నీరుగంటికి వేఱుగా మాన్యము. ఒండ్రు తీయుటకు, మరవ సరిచేయుటకు, ఊరివారందఱు కూడి పనిచేయు ఆచారము. 1800లో నిజాము ఈ దత్తమండలములను కంపెనీకి ధారపోసినాడు. థామస్ మన్రో 1807 వఱకు ప్రధానకలెక్టరుగా నుండి పొలము పొలమును కొలిపించి పన్ను కట్టినాడు. 1858లో ఇనాము కమిషను పుట్టినది. 1956లో ఇనాముల రద్దుచట్టము వచ్చినది. 1997లో నీటి వినియోగదారుల సంఘముల చట్టము వచ్చినది. ప్రతి మార్పునందును ఏదో యొక మేలు ఉద్దేశింపబడినది. దాని నెవరు నిరాకరింపరు. కాని ఒక్కొక్క మార్పు తరువాత కట్టమీద మన్ను వేయువా డెవడు అను ప్రశ్నకు జవాబేమి? ఏ యూరి జవాబు ఆ యూరిదే. దీనిని రాజధానిలో కూర్చుండి చెప్పగల ఆచార్యుడు లేడు. ఆ యూరి బాలుడు చెప్పగలడు.

కాలిన్ మెకంజీ దొర మనసీమలో తిరిగిన కాలమున కావలి సోదరులును తక్కిన సహాయకులును ఊరూర కరణములచేత కైఫీయత్తులు వ్రాయించిరి. ఊరెట్లు వెలసినది, ఎవరు చెఱువు త్రవ్వించిరి, ఏ గుడికి ఏ మాన్యము, ఏ దండు వచ్చి ఊరు పాడుపెట్టినది, ఇవన్నియు అందున్నవి. కడప ఊళ్ల కైఫీయత్తులు నేడు అచ్చుపుస్తకములుగా దొరకుచున్నవి. వానిని ప్రచురించినది కడపలోని బ్రౌను భాషాపరిశోధనకేంద్రము. ఆ కేంద్రమున్నచోటు సి. పి. బ్రౌను కడపలో బంగళా కొని, పండితులను చేర్చి, తాళపత్రములను సరిచూపించి ప్రతులు వ్రాయించిన స్థలమే. శిథిలమైపోయిన ఆ స్థలమును గ్రంథాలయముగా లేపుటకు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎన్ని గడపలు ఎక్కినదియు కడపవారికి తెలియును. ఇప్పుడది యోగివేమన విశ్వవిద్యాలయపు నీడలో నున్నది. తమ యూరి కైఫీయత్తు చదివిన విద్యార్థులు కడపలో ఎందఱున్నారు? ఈ ప్రశ్నను మేము విద్యార్థులను గాక వారి ఉపాధ్యాయుల నడుగుచున్నాము.

సాహిత్యమును గుఱించి చెప్పుచున్నపుడు మనవారు ముందుగా చేయు పని ప్రబంధముల పేళ్లు వల్లించుట. అది యుండనిండు. తెలుగు వాక్యము రాతిమీద తొలుత కనబడినది మన రేనాటిలోనే యని విద్యార్థికి తెలిసినదా? ఎఱ్ఱగుంట్లకు దాపున కలమళ్లలో రేనాటి చోళరాజైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము క్రీ. శ. 575 ప్రాంతమున పుట్టినదని పండితుల నిర్ణయము. మన తల్లిభాష రాతిలో తొలిసారి మాటలాడినది కృష్ణా గోదావరుల పచ్చని పొలములలో గాక ఈ మెట్టనేలలో. దీనిని చెప్పుకొని గర్వించుటకంటె, ఎందుకిట్లు జరిగినదని విచారించుట విద్యార్థి ధర్మము.

ఊరి పేళ్లలోనే ఎంత సాహిత్యమున్నది! ఎఱ్ఱగుంట్ల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు. మూడు పెద్ద యూళ్లు. మూటి పేళ్లలోను గుంటయో, కుంటయో, మడుగో కలదు. నీరు కఱవైన సీమ తన యూళ్లకు నీటి పేళ్లు పెట్టుకొన్నది. కేతు విశ్వనాథరెడ్డిగారు కడపజిల్లా ఊళ్ల పేళ్లనే తమ పరిశోధనకు విషయముగా గైకొని గ్రంథము వ్రాసిరి. తరువాత కథకులుగా వారికి 1996లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. వారి కథలలో సీమపల్లె అంత నిక్కముగా నిలుచుటకు, ఊరి పేరును సైతము తేలికగా విడువని ఆ తొలి శ్రమయే కారణమని మా నమ్మకము. పేళ్లపరిశోధన ఎండుపని యని యెవరైన నన్నచో మేము ఒప్పుకొనము. చెఱువు, కుంట, వంక, మడుగు, దొరువు, ఊట, చెలమ అను మాటలు ఒక దానికొకటి బదులు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు నీటిని చెప్పును. బోరుగొట్టము వచ్చిన పిమ్మట పుట్టిన పిల్లకు వీనిలో ఎన్ని తెలియును? 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువును చేతబట్టుకొని ఒక విద్యార్థిని తన అవ్వ దగ్గఱ కూర్చుండి ఏ మాట బ్రౌనుకు దొరకినది, ఏది దొరకలేదు, ఏది అవ్వతో పోనున్నది అని పట్టిక వ్రాసినచో అదియే ఉత్తమసాహిత్యవ్యాసము. ఆ పిల్లకు మార్కులు తక్కువ వేయు పండితునితో మేము వాదింప సిద్ధముగా నున్నాము.

రేనాటి పాటలు ఇంకొక నిధి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీతో అవమానింపబడి 1846లో తిరుగబడినాడు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరిదీయబడినాడు. వాని వెంట నడచినవారిలో మాన్యములు పోగొట్టుకొన్న కట్టుబడివాండ్రు పెక్కురు. నేల పోయినవాడు పాట యైనాడు. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కఱవున అంబలి కాచి ఆకొన్నవారికి పోసినాడు. వానిమీదను పాటలు పుట్టినవి. వీరగాథలపై పరిశోధించిన తంగిరాల వేంకటసుబ్బారావుగారు వీరిద్దఱను రేనాటి సూర్యచంద్రులని పేర్కొనిరి. ఒకడు కత్తిపట్టినవాడు, ఒకడు గరిటెపట్టినవాడు. జనులు ఇద్దఱను ఒకే గొంతుతో పాడిరి. అర్థశాస్త్రపుస్తకమున కఱవు అను ప్రకరణమునకు ముందు ఈ పాటను వినిపించినచో విద్యార్థికి ఆ ప్రకరణము వేఱుగా అర్థమగును.

ఇక ధాత కఱవు. 1876 మొదలు 1878 వఱకు మన సీమను తుడిచిపెట్టిన ఆ మహాక్షామమును విద్యార్థులు రెండు పంక్తులలో ముగింతురు. 1871 జనాభాలెక్కలో తొమ్మిది లక్షలు దాటియున్న కర్నూలుజిల్లా జనసంఖ్య 1881 నాటికి ఏడు లక్షలకు దిగువకు పడిపోయినది. నలుగురు కూర్చుండి తిను పంక్తిలో ఒక విస్తరి లేచిపోయినది. 1877 జనవరి 1వ తేదీన విక్టోరియా చక్రవర్తిని యైనదని ఢిల్లీలో లార్డు లిట్టను దర్బారు జరిపినాడు. అదే మాసమున ఖర్చు తగ్గించుటకై సర్ రిచర్డు టెంపిలును మన రాజధానికి పంపినాడు. కఱవుపనులలో రాళ్లు కొట్టు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొంచెము చిల్లరయు చాలునని టెంపిలు తీర్మానము. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు.

అప్పుడు చెన్నపురి ప్రభుత్వపు ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు అడ్డము నిలిచినాడు. పనిచేయు శరీరమునకు ఇంత తిండి చాలదు, పప్పుదినుసు లేక కండ నిలువదు, ఇది జీతము గాదు, మెల్లని చావు అను భావమును లెక్కలతో కాగితములమీద పెట్టినాడు. ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి; శిబిరములలో శవములు లేచినవి; చివరకు ఆ వేసవిలో కూలి పెంపవలసివచ్చినది. ఇది ఆర్థికవాదమా, ఆరోగ్యవాదమా? ఖజానా యెంత మిగులును అని ఒకడు. ఒడలెంత నిలుచును అని మఱియొకడు. సమతులాహారము గుఱించి వ్రాయు విద్యార్థి ఈ వివాదమును చదివినచో తాను వ్రాయుచున్నది పటములోని పండ్లబుట్ట గాదని, తన యూరివారి యెముకల చరిత్రమని తెలిసికొనును. ఆ కఱవును చూచి రెండు సంపుటముల గ్రంథము వ్రాసిన విలియం డిగ్బీ చెన్నపురి పత్రికాసంపాదకుడు. మా వృత్తివాడు గనుక ఈ మాట కొంచెము సగర్వముగానే చెప్పుచున్నాము.

ఈ కఱవునకు అయిదేండ్ల ముందే కర్నూలు కడప కాలువ పూర్తియైనది. సుంకేసుల కడ తుంగభద్ర కానకట్ట కట్టి, సుమారు 190 మైళ్లు కాలువ త్రవ్వి, పడవలు నడపి లాభము తీయవలెనని మద్రాసు ఇరిగేషను కంపెనీవారు ఆశించిరి. వారికి పెట్టుబడిమీద వడ్డీని ప్రభుత్వము హామీ యిచ్చినది. ఆ హామీ భారము మోసినది ఈ దేశపు పన్నుదారులే. కంపెనీ నష్టములో మునుగగా 1882లో ప్రభుత్వమే కాలువను కొనినది. నీరున్నను రైతు తీసికొనలేదని దొరల ఫిర్యాదు. నీటితీరువ యెక్కువ, నల్లరేగడికి జొన్నయు ప్రత్తియు చాలును, వానయున్న యేట కాలువనీరెందుకని రైతు సమాధానము. పత్తికొండ వంటి పడమటి సీమలకు ఈ కాలువ నీరందదు. నేడు అదే కాలువ క్రింద రెండున్నర లక్షల యెకరములకు పైగా ఆయకట్టు కలదు. నంద్యాలసీమ వరియన్నము దానిదే. ఒకప్పుడు వలదనిన నీటికి రైతు నేడు రాత్రులు మేలుకొని తూముకడ కావలి కాయుచున్నాడు. ఈ మార్పెట్లు వచ్చినది? విత్తనమా, ఎరువా, ధరయా, రోడ్డా, అన్నము తిను అలవాటా? అర్థశాస్త్రవిద్యార్థికి ఇంతకంటె గొప్ప ప్రశ్న ఏ దేశమునందు దొరకును?

రాజకీయములలో విద్యార్థు లుత్సాహవంతులు. మంచిదే. శ్రీబాగు ఒడంబడిక యను పేరు సభలలో మాఱుమ్రోగును. 1937 నవంబరు 16న చెన్నపురిలో కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహమున కుదిరిన ఆ ఒడంబడికలో విశ్వవిద్యాలయమును గుఱించి యేమున్నది, తుంగభద్రా కృష్ణా పెన్నల నీటిలో పదియేండ్ల ప్రాధాన్యమును గుఱించి యేమున్నది, రాజధాని హైకోర్టులలో కోరుకొను హక్కు ఎవరిది అని పత్రము చదివి మాటలాడువారు తక్కువ. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని యైనది, 1956లో పోయినది. శ్రీశైలము కడ కృష్ణకు కట్ట పడి 1981 నాటికి వందకు పైగా గ్రామములు నీటి పాలైనవి. సంగమేశ్వరాలయము ఏటా కొన్నాళ్లు మాత్రము వెలికి వచ్చి భక్తులకు దర్శనమిచ్చును. ఇది కూడ వ్యాసములలో చేరవలసినదే యైనను, విస్తరభీతిచే విడుచుచున్నాము.

ఆరోగ్యము విషయము మాత్రము విడువజాలము. నలువదేండ్లు దాటిన సీమవాసులకు నారికురుపు జ్ఞాపకముండును. దిగుడుబావిలో మోకాళ్లదాక దిగి కడవ ముంచుకొనుట మన ఆచారము. కాలికి పుండున్నవాడు దిగినపుడు పుండులోని పురుగు నీటిలో పిల్లలను విడుచును. కంటికి కనబడీ కనబడని నీటిపురుగు ఆ పిల్లలను మ్రింగును. ఆ నీరు త్రాగినవాని కాలిలో ఏడాది తిరుగునప్పటికి మూరెడు, రెండు మూరల దారము వంటి పురుగు వెలువడును. దానిని పుల్లకు చుట్టి, దినమునకింత చొప్పున లాగుచు, తెగిపోకుండ కాచుకొనుచు రోగి వారములకొలది మంచము పట్టవలెను. సేద్యగాడు మంచమెక్కినచో పొలమేమగును? వైద్యుడు రోగ మనునది రైతునకు పంటనష్టము.

1956లో స్థాపింపబడిన కర్నూలు వైద్యకళాశాలవారు ఈ రోగమును తమ చుట్టుప్రక్కల పల్లెలలోనే పరిశీలించి, ఫలితములను 1969లో ప్రపంచారోగ్యసంస్థవారి బులెటినునందు ప్రకటించిరి. ఇది మేము చెప్పదలచిన సంగతికి దివ్యమైన నిదర్శనము. లండను వైద్యపుస్తకములలోని రోగమును గాక, తమ ఆస్పత్రి గుమ్మము కడ కుంటుచు వచ్చినవాని కాలిని వారు చూచిరి. ప్రపంచము వారి మాట వినినది. తరువాత దేశమంతట ఉద్యమము నడచినది. దిగుడుబావులకు మెట్లు మూసి చేదలు పెట్టిరి, గొట్టపుబావులు వేసిరి, నీరు వడగట్టి త్రాగుమని ఇల్లిల్లు తిరిగి చెప్పిరి. దేశములో చివరి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో భారతదేశము ఈ రోగమునుండి విముక్తమైనదని ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపఱచినది. దీనికి టీకా లేదు, చంపు మందు లేదు. నీటి కడ నడవడి మార్చుటచేతనే రోగము పోయినది. ఎంత గొప్ప విజయము! దీనిని మన విద్యార్థు లెవరును వ్యాసముగా వ్రాయకుండుట మాకు వింతగా నున్నది. ఆ రోగముతో కుంటినవారు ఇంకను మన పల్లెలలో జీవించియే యున్నారు. వారి నోటిమాట వ్రాసికొనుట కిదియే సమయము.

కాని దిగుడుబావి మూసి బోరు త్రవ్విన సీమకు వేఱొక చిక్కు వచ్చిపడినది. రాతిపొరల లోతునుండి తీయు నీటిలో ఫ్లోరైడు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించినచో పిల్లల పండ్లు గారపట్టును. ఇంకను మించినచో పెద్దల యెముకలు బిగిసి నడుము వంగును. ఈ రోగమును భారతదేశమున తొలుత గుర్తించి 1937లో ప్రకటించినది మన పొరుగునే, నాటి నెల్లూరుజిల్లా మెట్టతాలూకాలలో. పశువుల నడకను చూచి రైతులే ముందు కనిపెట్టిరని చెప్పుదురు. ఇప్పుడు బోరు ఎంత లోతు పోయినది, నీటిలో ఏమున్నది, బడిపిల్లల పండ్లెట్లున్నవి అను మూడు సంగతులను ఒకే పట్టికలో వ్రాయగల విద్యార్థి యేడి? అది భూగర్భశాస్త్రమో, వైద్యమో, అప్పులపుస్తకమో యని ఉపాధ్యాయుడు సందేహింపవచ్చును. మూడును అదే. మూడవసారి బోరు ఎండిన రైతు నడిగినచో అప్పు యెంతయో, రాయి యెక్కడ తగిలినదో ఒకే ఊపిరిలో చెప్పును.

ఇట్టి వ్యాసములు వ్రాసినచో ఉద్యోగములు వచ్చునా యని కొందఱు తండ్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. బ్యాంకుపరీక్షలో పోరుమామిళ్ల శాసనము రాదు. కాని ఒక్క చెఱువును మొదటినుండి తుదివఱకు విచారించిన కుఱ్ఱడు లెక్క కొలువ నేర్చును, దస్తావేజు చదువ నేర్చును, అబద్ధపులెక్కను పసిగట్ట నేర్చును, ముసలివారితో మర్యాదగా మాటలాడ నేర్చును. ఏ యుద్యోగమున కివి పనికిరావు? పైపెచ్చు ఆ 180 గంటలు ఎట్లును గడపవలసినవే.

ఇందు విద్యార్థులకంటె మా చదువరుల పనియే ఎక్కువగా నున్నది. 1984లో కరణీకము మునసబీ రద్దయినపుడు ఊరి లెక్కలలో కొన్ని తాలూకా కచేరీకి చేరినవి, కొన్ని చేరలేదు. పాతకరణముల యిండ్ల అటకలమీద, పెద్దరైతుల భోషాణములలో, దశబంధపు పత్రములు, చెఱువు మరమ్మతు రసీదులు, నీటివంతుల పట్టికలు, తాతల చేవ్రాత చిట్టాలు చెదలు పట్టుచున్నవి. కొందఱు వానిని బయటపెట్టినచో ఏ భూవివాదము పైబడునో యని భయపడుదురు. చదువుటకు చూపుట వేఱు, హక్కు వదలుకొనుట వేఱు. ప్రతి వ్రాసికొని మూలమును మీ యెదుటనే మీకు తిరిగి యిచ్చినచో ఏ చిక్కును లేదు. ఈ యెండకాలమున ఏ కుఱ్ఱవాడైనను, ఏ పిల్లయైనను చేత కాగితము పట్టుకొని మీ యరుగు కడకు వచ్చి చెఱువు సంగతి యడిగినచో, ముందు మంచినీళ్లిచ్చి, పిమ్మట ఆ భోషాణము తాళము తీయుడు. కట్టమీదికి వెంటబెట్టుకొని పోయి, 1956కు ముందు మీ యింటివారు ఏ తూముకడ మన్ను వేయించుచుండిరో చూపుడు. మరవ యెక్కడ తెగినది, ఎవరు పూడ్పలేదు అనునదియు దాపక చెప్పుడు.